బుధవారం సీసాలు

మా వీధిలో రీసైక్లింగ్ బండి బుధవారం పొద్దున వస్తుంది. ఒక్క మనిషి ఉన్న ఇంట్లో ఏం పోగవుతుంది కనక! రెండు పాల డబ్బాలు, ఒక పెరుగు డబ్బా, మీ ఇల్లు అమ్ముతారా అని అడుగుతూ వచ్చే రంగురంగుల కార్డులు. అంత పెద్ద నీలం డబ్బాని ఆ కాసినితో బయట పెడితే ఈ షికాగో పక్క నేపర్‌విల్ నవంబరు గాలికి బోర్లా పడి వీధంతా దొర్లుతుంది. అందుకని రెండు మూడు వారాల సరుకు పోగేసి ఒకేసారి పెడుతుంటాను. పోయిన బుధవారం అలాగే డబ్బా తోసుకుంటూ డ్రైవ్‌వే చివరికి వెళ్లి, దాన్ని నిలబెట్టి, వెనక్కి తిరగబోతూ ఎదురింటి వైపు చూశాను. వాళ్ల డబ్బా మూత సరిగా పడలేదు. ఆ సందులోంచి ఒక ఆకుపచ్చ సీసా మెడ బయటికి వచ్చి ఉంది. నేను అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటి వెళ్లి, ఆ సీసాని బయటికి లాగి, పైకెత్తి ఎండకేసి చూశాను. ఒళ్లు నిటారుగా ఉందా, అడుగు మందంగా ఉందా, గాజులో ఎక్కడైనా బుడగ ఉందా అని. అలా చూడాలని నాకెవరూ నేర్పలేదు. మా వారు చూస్తుంటే ఓరకంట చూశాను, అంతే.

చూడడం అయ్యాక నా అవతారం నాకు గుర్తొచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషిని. నుదుట స్టిక్కరు, నైటీ మీద మా వారి చలికోటు, కాళ్లకి సాక్సు మీద హవాయి చెప్పులు, చేతిలో పరాయివాళ్ల చెత్తడబ్బాలోంచి తీసిన వైన్ సీసా. సరిగ్గా ఇదే పని చేసినందుకు తొమ్మిదేళ్ల కిందట నేను మా వారిని నానా మాటలూ అన్నాను. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ సీసాని మళ్లీ డబ్బాలో పెట్టి వచ్చేయొచ్చు. కానీ చెయ్యి వదల్లేదు, అక్కడే చలిలో నిలబడ్డాను.

ఈ సీసాల సంగతి చెప్పాలంటే ఆయన ఉద్యోగం పోయిన దగ్గర మొదలుపెట్టాలి. మా వారు ఇంజినీరు. ఇరవై ఏళ్లపాటు పొద్దున్నే ట్రెయిన్ ఎక్కి షికాగో వెళ్లి, సాయంత్రం అదే ట్రెయిన్‌లో కునుకు తీస్తూ వెనక్కి వచ్చిన మనిషి. ఒక డిసెంబరులో, పండగ సెలవలకి వారం ముందు, ఆఫీసులో గదిలోకి పిలిచి, చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి పంపించేశారు. అప్పటికి ఆయనకి యాభై ఎనిమిది. ఎర్లీ రిటైర్‌మెంట్ తీసుకున్నారని నేను అందరికీ చెప్పాను. అలా చెప్పమని ఆయన నన్ను అడగలేదు. అడక్కపోయినా చెప్పాను, ఎందుకంటే మనవాళ్లలో ఒకరికి ఉద్యోగం పోయిందంటే ఆదివారం లోపల టెక్సస్ కాపెల్ నుంచి న్యూజెర్సీ పార్సిప్పనీ దాకా తెలిసిపోతుంది. ప్రతివాళ్లూ రెజ్యూమె పంపమంటారు, పంపాక ఫోన్ ఎత్తరు. ఆ జాలి చూపులు నేను పడలేను. అదేం రోగమో, చిన్నప్పట్నుంచీ నాకు ఎవరైనా జాలిపడితే చెంప మీద కొట్టినట్టే ఉంటుంది.

ఆయన మాత్రం రోజూ ఐదింటికే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. పది దాటాక బయలుదేరితే, తిరిగి వచ్చేసరికి ఏడున్నర. మా అమ్మాయి అప్పటికే కాలిఫోర్నియాలో చదువుకుంటోంది. అంటే రోజుకి తొమ్మిది గంటలు ఆ ఇంట్లో ఆయన ఒక్కరే. ఈ తొమ్మిది గంటల సంగతి నాకు ఇప్పుడు తడుతోంది. అప్పుడు నా దృష్టిలో ఆయన ఇంట్లో వెచ్చగా కూర్చుని ఉన్నారు, నేనేమో మంచులో కారు జారకుండా పడుతూ లేస్తూ ఊరేగుతున్నాను. ఇంటికి రాగానే ఈ రోజు ఎక్కడైనా అప్లై చేశారా అని అడిగేదాన్ని. చేశానని చెప్పి, కంచం పెట్టేవారు. అన్నం, పప్పు, వేపుడు అన్నీ చేసి ఉంచేవారు. వేపుడు మాడిందని నేను వంక పెట్టేదాన్ని.

సీసాల పిచ్చి జనవరిలో పట్టింది. ఒక ఆదివారం సాయంత్రం మంచువాన కురిసి కరెంటు పోయింది. ఇంట్లో టార్చి లేదు. మా అమ్మాయి పుట్టినరోజు కొవ్వొత్తులు నాలుగు దొరికితే, అవి వెలిగించి హ్యాపీ బర్త్‌డే పాడేలోపే అయిపోయాయి. అప్పుడు మా వారికి చిన్నప్పటి కిరసనాయిలు బుడ్డి గుర్తొచ్చింది. వాళ్లింట్లో కరెంటు పోయినప్పుడల్లా మా అత్తగారు ఇంకు సీసా మూతకి మేకుతో కన్నం పొడిచి, గుడ్డపేలిక దూర్చి, కిరసనాయిలు పోసి వెలిగించేవారట. ఆయన ఎక్కాలన్నీ ఆ వెలుగులోనే నేర్చుకున్నారట. ఇంకేం, ఖాళీ ఆవకాయ సీసా తీశారు, రేకు మూతకి కన్నం పొడిచారు, పాత బనీను చింపి వత్తి చేశారు. మా ఇంట్లో కిరసనాయిలు ఎక్కణ్నుంచి వస్తుంది! దేవుడి దగ్గరి నువ్వుల నూనె ఉంది, అది పోశారు. నేను కూడా అడ్డుచెప్పలేదు. బుడ్డి దీపం ముందు కూర్చుని పెరిగినవాళ్లం ఇద్దరమూ. నూనె నూనే కదా, దీపం దీపమే కదా అనుకున్నాం.

అగ్గిపుల్ల గీయగానే భగ్గున వెలిగింది. ఆయన ముఖం కూడా వెలిగింది. రెండు నిమిషాల్లో వత్తికి అంటిన నూనె కాస్తా అయిపోయి, బనీను కాలడం మొదలుపెట్టింది. కాలిన గుడ్డ కమురు, దాని వెనకే ఆవకాయ ఘాటు ఇల్లంతా నిండాయి. అప్పుడు మొదలైంది పైకప్పుకున్న స్మోక్ అలారం. ఒకటి మొదలుపెడితే నాలుగూ అందుకుంటాయి. కరెంటు పోయిన ఇంట్లో, చీకట్లో, నేను కుర్చీ ఎక్కి కండువాతో విసురుతున్నాను, ఆయన కిటికీ తెరిచి ఆ బుడ్డిని మంచులో పారేయడానికి పరిగెత్తారు. తిరిగొచ్చి, తలుపుకి ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. డిసెంబరు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నేను కుర్చీ దిగకుండానే నవ్వాను.

మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి ఆయన దగ్గర కారణం సిద్ధంగా ఉంది. కిరసనాయిలు పల్చన, వత్తి పట్టుకుని జానెడు ఎత్తు పాకుతుంది. నువ్వుల నూనె చిక్కన, అంగుళం ఎక్కేసరికి ఆగిపోతుంది. "నూనె మన దగ్గరికి రాదోయ్, వత్తినే నూనె దగ్గరికి తీసుకెళ్లాలి" అన్నారు, ఆఫీసు మీటింగులో చెప్పినంత గంభీరంగా. వెడల్పు గ్లాసులో సగం నీళ్లు పోసి, పైన నూనె పోసి, దాని మీద వత్తి తేలేట్టు చేయాలి. నూనె తగ్గేకొద్దీ వత్తి కిందికి దిగుతుంది. నూనె అయిపోగానే నీళ్లు తగిలి దానంతట అదే ఆరిపోతుంది, ఎవరూ కాపలా కాయక్కర్లేదు. బాగానే ఉంది, దానికి ఇంట్లో గాజుగ్లాసులు లేవా అని అడిగాను. గ్లాసులు కొన్నవి, సీసాలు పారేసినవి, పారేసినదాంతో చేస్తేనే పనితనం అన్నారు. ఆ మాటలో ఆయన సంగతి కూడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు. చాదస్తం అనుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

సీసాని అడ్డంగా కోయడం అంత తేలికేం కాదు. మొదట ఉన్ని దారాన్ని నా నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి, సీసాకి కట్టి, అంటించి, మంచునీళ్ల బకెట్లో ముంచేవారు. సీసా పగిలేది, కానీ దాని ఇష్టం వచ్చినచోట పగిలేది. నా రిమూవర్ రెండు డబ్బాలు ఖాళీ అయ్యాక చిన్న గాజుకోత చక్రం తెచ్చుకున్నారు. దాంతో సీసా చుట్టూ ఒక్కటే గీత, చెయ్యి ఎత్తకుండా, రెండోసారి తిప్పకుండా గీయాలి. తర్వాత ఆ గీత మీద సన్నధారగా మరిగే నీళ్లు, వెంటనే కుళాయి కింద చన్నీళ్లు, మళ్లీ మరిగే నీళ్లు. నాలుగోసారో ఐదోసారో టిక్కుమని చిన్న చప్పుడు చేసి సీసా రెండుగా విడిపోతుంది. ఆ చప్పుడంటే ఆయనకి ప్రాణం. అంచుని నీళ్లలోనే ఉప్పుకాగితంతో గంటసేపు రుద్దేవారు. సీసాకి వచ్చిన బిరడానే పల్చగా కోసి, నడిమధ్య కన్నం పెట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగితే తేలే పీట తయారు. అందులోకి నా పువ్వు వత్తి. వత్తులు మాత్రం నేనే చేసిచ్చేదాన్ని, టీవీ చూస్తూ, దూది నలుపుతూ. ఆ ఏడాది మొత్తంలో మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే.

ఇంకో సంగతి. ప్రతి దీపానికీ ఆయన బయటివైపు నా నెయిల్ పాలిష్‌తో సన్నటి ఎర్ర గీతలు గీసేవారు. అడుగు గీత దాకా నీళ్లు. దాని పైన, వేలెడు ఎత్తులో, నాలుగు గీతలు దగ్గరదగ్గరగా. మైక్రోవేవ్ టైమర్ పెట్టుకుని, దీపం ముందు కూర్చుని, గంటకి ఎంత నూనె తగ్గుతుందో చూసి గీసినవి అవి. చలికాలం మా ఊళ్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పుడు దీపం వెలిగించి వంటింటి కిటికీలో పెట్టేవారు. "ఒక్క గీత ఒక గంట. నువ్వొచ్చేసరికి మూడు గీతలు. మంచు పడితే నాలుగు" అని నాకు వివరించారు. ఇంట్లో ఇన్ని గడియారాలుండగా దీపంతో టైము చూడడమేమిటండీ అని నవ్వాను. కారు మలుపు తిరగ్గానే ఆ కిటికీలో ఆకుపచ్చగానో, తేనెరంగులోనో వెలుగు కనిపించేది. చూసేదాన్ని, గరాజ్ తలుపు బటన్ నొక్కేదాన్ని, లోపలికి వచ్చి వేపుడు మాడిందనేదాన్ని.

మేమిద్దరం చుక్క ముట్టం. మరి వైన్ సీసాలు ఎక్కణ్నుంచి వస్తాయి? బుధవారం పొద్దున బండి రాకముందే మా వారు కిరాణా సంచి పట్టుకుని వీధిలోకి వెళ్లేవారు. ఎదురింట్లో ఒక అమెరికన్ ఆవిడ ఉంది, రిటైరైన టీచరు, భర్త పోయి చాలా ఏళ్లయింది. మొదట ఆవిడనే పర్మిషన్ అడిగారట. ఆవిడ నవ్వి, తీసుకెళ్లమందట. ఆ ధైర్యంతో రెండు వీధులు తిరిగేవారు. నచ్చిన సీసాని ఎత్తి ఎండకేసి చూసి, సంచిలో పెట్టుకుని గలగలలాడుతూ ఇంటికి వచ్చేవారు. మా చుట్టుపక్కల వీధుల్లో పది పన్నెండు తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అందరూ షుగరు తగ్గించుకోవడానికి పొద్దున్నే నడిచేవాళ్లే. ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ దాని పర్యవసానం తట్టలేదు.

ఆ ఏడాది కార్తీక వనభోజనాలు ఒకరింటి బేస్‌మెంట్‌లో పెట్టారు. నవంబరులో ఇక్కడ వనంలోకి వెళితే భోజనం కాదు, న్యుమోనియా దొరుకుతుంది. ఉసిరి చెట్టు కింద తినాలి కాబట్టి ఇండియన్ స్టోర్ నుంచి ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ తెచ్చి, పళ్లెంలో పోసి, పింగ్‌పాంగ్ బల్ల మీద పెట్టారు. అవి కరిగి నీళ్లు కారుతుంటే ఒకావిడ టిష్యూలతో తుడుస్తూ కూర్చుంది. మా వారు తన దీపాల్లో మంచిది ఒకటి ఏరి, బహుమతిగా ఇద్దామని గుడ్డలో చుట్టి తెచ్చారు. పులిహోర వడ్డిస్తూ ఇంటావిడ నన్ను పక్కకి పిలిచింది. "వదినా, ఏమనుకోకండి. అన్నయ్యగారు బానే ఉన్నారు కదా? ప్రతి వెడ్నస్‌డే మా వాకింగ్‌లో కనిపిస్తున్నారు, బ్యాగ్ నిండా బాటిల్స్‌తో. జాబ్ స్ట్రెస్‌లో చాలామందికి అవుతుంది వదినా. మాకు తెలిసిన కౌన్సెలర్ ఒకాయన ఉన్నారు, నంబర్ టెక్స్ట్ చేస్తాను" అంది.

అన్నిట్లోకీ జాబ్ అన్న మాటే నా చెవిలో పడింది. అంటే ఎర్లీ రిటైర్‌మెంట్ కథ ఎవరూ నమ్మలేదన్నమాట. అవతల మగవాళ్ల గుంపులో ఒకాయన మా వారి భుజం చరిచి, "ఏం బావగారూ, ఒక్కరే కానిచ్చేస్తే ఎట్లా? మాకూ కంపెనీ ఇవ్వాలి కదా" అంటున్నాడు. మా వారికి ఆ మాట అర్థం కాలేదు. దీపాలు చేస్తున్నానండీ అని ఉత్సాహంగా మొదలుపెట్టి, కింద నీళ్లు, పైన నూనె, మధ్యలో బిరడా అని చేతులతో చూపించారు. ఆయన చెప్పినకొద్దీ వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుడ్డలో చుట్టిన దీపాన్ని ఆయన విప్పనే లేదు. అలాగే చంకలో పెట్టుకుని కారెక్కారు.

కారులో నేను అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "పాతికేళ్లు ఈ ఊళ్లో నిలబెట్టుకున్న పరువు తీసుకెళ్లి చెత్తడబ్బాలో వేశారు. ఉద్యోగం పోయినవాళ్లందరూ ఇలా వీధులెంట సీసాలు ఏరుకుంటున్నారా?" అన్నాను. ఏడాదిగా ఆ ఇంట్లో మేము ఉద్యోగం పోయింది అనే మాట పైకి అనలేదు. మొదటిసారి అన్నది నేనే, అదీ ఆ సందర్భంలో. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి, అది పచ్చబడేదాకా చూసి, సరేలే అన్నారు.

ఆ కోపం నాకు మంగళవారం దాకా ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న సీసాలన్నీ, కోసినవీ కోయనివీ, కిటికీలో దీపంతో సహా, నేనే మోసుకెళ్లి రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. పీడ విరగడైందనుకున్నాను. బుధవారం తెల్లారి చూస్తే మా డబ్బా మూత పడక, నోరు తెరుచుకుని, ఆకుపచ్చా తేనెరంగూ తెలుపూ సీసాలతో ఎండలో ధగధగలాడుతోంది. వీధి మొత్తం మీద అన్ని సీసాలున్న ఇల్లు మాదే! సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర మన వాకింగ్ గుంపు కనిపించింది. నేను ఒక పాత పిజ్జా పెట్టె పట్టుకుని పరిగెత్తి దాని మీద కప్పాను. గాలికి అది ఎగిరిపోయింది. గుంపు మా ఇంటి ముందు కాస్త నెమ్మదించి, మర్యాదగా ఆకాశం కేసి చూస్తూ మళ్లీ వేగం అందుకుంది. బండి వచ్చి డబ్బా ఎత్తి కుమ్మరించినప్పుడు అయిన చప్పుడు పక్క వీధి దాకా వినిపించి ఉంటుంది. ఆ తర్వాత ఎవరింటికి భోజనానికి వెళ్లినా మా వారికి అడక్కుండానే నిమ్మరసం చేతికిచ్చేవారు. ఆ పొద్దున నేను లోపలికి వస్తూ, ఆయన కిటికీలోంచి ఇదంతా చూసి పగలబడి నవ్వుతుంటారనుకున్నాను. జనవరిలో కరెంటు పోయిన రోజు నవ్వినట్టు. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. నవ్వలేదు.

ఆయన మళ్లీ సీసా ముట్టుకోలేదు. ఇంటి నుంచి చేసుకునే చిన్నాచితకా కాంట్రాక్టులు రెండు మూడు వచ్చాయి, చేసుకున్నారు. కిటికీలో దీపం మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఎత్తి ఉంటే చేసేవారేమో. రెండేళ్ల కిందట డిసెంబరులో ఒక మధ్యాహ్నం, నేను పనిలో ఉండగా, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. కారు మలుపు తిరిగేసరికి ఇల్లంతా చీకటిగా ఉంది. లైట్లు వేసుకోవడం మర్చిపోయారు కాబోలని విసుక్కుంటూ గరాజ్ తలుపు తీశాను.

ఇదంతా ఆ సీసా పట్టుకుని నిలబడ్డ కాసేపట్లో తలలోకి వచ్చింది. ఇంతలో ఎదురింటి గరాజ్ తలుపు పైకి లేచింది. ఆ టీచరావిడ బయటికి వచ్చి నన్నూ, నా చేతిలో తన సీసానీ చూసింది. దొంగతనం చేస్తూ దొరికినదానిలా నేను సీసాని కోటు చాటుకి లాక్కున్నాను. ఆవిడ మాత్రం ఏమీ వింతగా చూడలేదు. ఒక్క నిమిషం ఆగమని లోపలికి వెళ్లి, అరల వెనకనుంచి ఒక అట్టపెట్టె తీసుకొచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆరు సీసాలు. కడిగి, లేబుళ్లు నానబెట్టి తీసేసి, ఒకదానికొకటి తగలకుండా పేపర్లో చుట్టినవి. ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని నా మాటల్లో చెప్తాను. "ఇవి మీ ఆయన కోసం దాచాను. ఒకసారి వచ్చి, ఇక వద్దండీ అన్నాడు. నా భార్యకి ఆ దీపాలంటే చాలా ఇష్టం, ఇంకా చేయమంటుంది, నా చేతులే వణుకుతున్నాయి అన్నాడు. చేతులు కుదుటపడితే అడుగుతాడేమోనని పారేయలేదు."

మా వారి చేతులు ఎప్పుడూ వణకలేదు. ఆఖరి రోజు పొద్దున కూడా గడ్డం తెగకుండా గీసుకున్నారు. ఆవిడకి థాంక్యూ అన్నాననుకుంటాను. పెట్టె ఎత్తుకుని రోడ్డు దాటి, వంటింట్లో బల్ల మీద పెట్టి, ఆయన కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు, అప్పుడు చుట్టూ మనుషులున్నారు, అందరికీ కాఫీలు అందాయో లేదో చూసుకుంటూ ఏడ్చాను. ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి బిగ్గరగా ఏడ్చాను. నా పరువు కోసం ఆయన తన చేతుల మీద నింద వేసుకున్నారు. అదీ ఎవరి దగ్గర? మన పరువు మర్యాదలు ఏమీ తెలియని ఒక పరాయి ఆవిడ దగ్గర. ఆవిడకి నిజం చెప్పినా మాకు పోయేదేమీ లేదు. అయినా చెప్పలేదు.

గాజుకోత చక్రం ఆయన పనిముట్ల పెట్టెలో, కోటు పాత గుండీల కింద దొరికింది. సాయంత్రం మా అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడు బల్ల మీద సీసాలు చూసి కంగారుపడింది. "అమ్మా, ప్లీజ్, నువ్వు గ్లాస్ కట్ చేయకు. నీకు హర్ట్ అయితే అక్కడ ఎవరు ఉంది? నేను ఎల్‌ఈడీ దీపం ఆర్డర్ చేస్తాను. బ్యాటరీ ఉంటది, ఆఫ్ అవ్వదు" అంది. సరేనన్నాను. ఆఫ్ అవ్వని దీపం నాకెందుకు వద్దో దానికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోన్ పెట్టేసి కెటిల్ స్విచ్ వేశాను.

మొదటి సీసా నిలువునా చీలింది. రెండోదానికి గీత రెండుసార్లు తిప్పాను, మెట్లుమెట్లుగా విరిగింది. మర్నాడు ఇంకో రెండు పోయాయి. పగటి పూట ఆ ఇంట్లో వినిపించేవి ఫ్రిజ్ చప్పుడు, హీటర్ ఆగి మళ్లీ మొదలయ్యే చప్పుడు, అంతే. రిటైరయ్యాక ఏడాదిగా అవి వింటూనే ఉన్నాను, కానీ చేతిలో పని పెట్టుకుని వింటే గాని ఆయన ఎలా విన్నారో తెలియలేదు. ఐదో సీసాకి ఊపిరి బిగబట్టి ఒక్కటే గీత గీశాను. మరిగే నీళ్లు, చన్నీళ్లు, మరిగే నీళ్లు, చన్నీళ్లు. ఆరోసారికి టిక్కుమంది. నేను గబుక్కున వెనక్కి తిరిగి, "ఏవండీ, వచ్చింది" అన్నాను. అని, కుళాయి కట్టేశాను. అంచు ఒకవైపు కాస్త ఏటవాలుగా వచ్చింది. ఆయనైతే గంటసేపు రుద్ది సరిచేసేవారు. నేను వేలు తెగకుండా రుద్ది ఊరుకున్నాను.

నిన్న కార్తీక పౌర్ణమి. నాలుగున్నరకి చీకటి పడగానే నువ్వుల నూనె, బిరడా పీట, పువ్వు వత్తి అన్నీ కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ఎర్ర నెయిల్ పాలిష్ సీసా కూడా వెతికి తెచ్చాను. ఇలాంటి దీపానికి గీతలు ఉండాలి కదా అనుకుని కుంచె బయటికి తీశాను. మూడు గీతలకి నువ్వొస్తావు, మంచు పడితే నాలుగు. ఆ మాట అప్పుడు నాకు ఇంజినీరు చాదస్తంగా వినిపించింది. ఆయన కొలిచింది నూనెని కాదు. ఆ ఇంట్లో ఒక్కరే కూర్చుని, గరాజ్ తలుపు చప్పుడు వినిపించడానికి ఇంకా ఎంతుందో కొలుచుకున్నారు. తొమ్మిదేళ్లు పట్టింది నాకు అది తెలియడానికి. కుంచె మళ్లీ సీసాలో పెట్టి మూత బిగించాను. అడుగున కాసిని నీళ్లు పోసి, ఆ పైన నూనె పోస్తూనే పోయాను. ఆయన ఎదురుచూడడానికి నేను ఉన్నాను కాబట్టి ఆయన దీపానికి గంటలు ఉండేవి. నాకు ఏ గంటకీ ఎవరూ వచ్చేది లేదు, అందుకని అంచు దాకా పోసి వెలిగించాను.